ఎర్ర లైటు వెలగకపోతే...

తెనాలి కాలవ గట్లు, రేపల్లె రైలు, సూర్యలంక ఉప్పుగాలి... ఈ మూడింటికీ టీవీ వెనక నక్కి కూర్చున్న ఓ చిన్న పలకకీ సంబంధం ఏమిటి? ఆ పలక పేరు పవర్ సప్లై బోర్డు. డెల్టాలో ఎండకీ వానకీ పిడుక్కీ తుపానుకీ ముందుగా దెబ్బతినేది అదే. దాని రోగం ఇంట్లోనే ఎంతవరకు తెలుసుకోవచ్చు, ఎక్కడ ఆగిపోవాలి అన్నది ఈ మూడూళ్ల ప్రయాణంలో చూద్దాం.

ఆదివారం. మధ్యాహ్నం పన్నెండు. వంటింట్లో పప్పుచారు మరుగుతోంది. సినిమా మొదలయ్యే వేళకి పిల్లాడు రిమోట్ నొక్కాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. రిమోట్‌లో బ్యాటరీలు అటూ ఇటూ మార్చాడు. నాన్నగారొచ్చి ప్లగ్గు తీసి పెట్టారు. టీవీ నెత్తిన రెండు తట్టారు. 'పొద్దుగూకులూ దాన్ని వాయిస్తుంటే పోక ఏం చేస్తుందీ' అని మామ్మ మంచం మీద నుంచే తీర్పు చెప్పేసింది. చివరికి మెకానిక్‌కి ఫోన్. అవతలి నుంచి ఒకటే ప్రశ్న... 'ఎర్ర లైటు వెలుగుతోందా అండీ?'

తమాషా ఏమిటంటే ఆ ఒక్క ప్రశ్నలోనే సగం వైద్యం ఉంది. వెలిగితే ఒక దారి, వెలగకపోతే ఇంకో దారి, వెలిగి ఆరుతూ ఉంటే మరో దారి. ఈ సంగతి తెలియక ఎన్నో ఇళ్లలో చిన్న కండెన్సర్ పోయిన టీవీని పాతసామాన్ల వాడికి తూకానికి వేసేస్తున్నారు. ఇంకొందరు తెలిసీ తెలియని ధైర్యంతో మూత విప్పి చేతులు కాల్చుకుంటున్నారు. ఈ రెండిటికీ మధ్య ఓ దారి ఉంది.

ఆంధ్రా ప్యారిస్ నుంచి...

తెనాలి పేరు చెప్పగానే రామకృష్ణుడు గుర్తొస్తాడు. ఆ వెంటనే బెల్లం జిలేబీ. నాటకాలు, సినిమాలు, పత్రికలు... వీటన్నిటి పుణ్యమా అని దీన్ని 'ఆంధ్రా ప్యారిస్' అంటారు. ఊళ్లోంచి మూడు కృష్ణా కాలవలు పారుతుంటాయి. విజయవాడ, గుంటూరు, చెన్నై, రేపల్లె... నాలుగు వైపులకీ పట్టాలున్న జంక్షన్ ఇది. చుట్టుపక్కల పల్లెల వాళ్లకి పెళ్లి బట్టలు కొనాలన్నా, పాడైన వస్తువు బాగుచేయించాలన్నా తెనాలి రావడం అలవాటు.

పనికిరాదని పారేసిన దాంట్లో పనికొచ్చేది వెతకడం ఈ ఊరికి కొత్త కాదు. సూర్య శిల్పశాల కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర ఇనుప తుక్కుతో విగ్రహాలు చేస్తారు. 2021లో నట్లూ బోల్టులూ చేర్చి వాళ్లు తయారుచేసిన 14 అడుగుల ప్రధాని మోదీ విగ్రహం దేశమంతా వార్తయింది. టీవీ మెకానిక్ బల్ల మీద జరిగేదీ ఒక రకంగా అదే పని. పోయిన బోర్డులోంచి బాగున్న కాయిల్ పీకి, ఇంకో బోర్డుకి ప్రాణం పోస్తారు.

ఒకప్పుడు ఆ బల్ల మీద పిక్చర్ ట్యూబు టీవీలుండేవి. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నాటికి మన దేశానికి రంగుల టీవీ వచ్చింది. 1987 జనవరిలో ఆదివారం ఉదయాల్లో రామాయణం మొదలయ్యాక టీవీ ఉన్న ఇంటి వరండా చిన్నపాటి థియేటరైపోయేది. అప్పట్లో టీవీ పాడవడమంటే ఇంటి సమస్య కాదు, వీధి సమస్య! మెకానిక్ సైకిల్ మీద వస్తుంటే పిల్లలంతా వెనకాలే. ఇప్పుడు గోడకు వేలాడే పల్చటి ఎల్‌ఈడీ టీవీలొచ్చాయి. లోపల సామాను కూడా తగ్గింది. ముఖ్యంగా మూడే... కరెంటును సిద్ధం చేసే సప్లై బోర్డు, బొమ్మనూ మాటనూ నడిపే మెయిన్ బోర్డు, తెర. కొన్ని చవక టీవీల్లో మొదటి రెండూ కలిపి ఒకే బోర్డుగా ఉంటాయి.

సప్లై బోర్డు పనేమిటంటే... గోడ సాకెట్‌లో ఉండేది 230 వోల్టుల కరెంటు. సెకనుకు 50 సార్లు ముందుకీ వెనక్కీ ఊగే ఏసీ అది. మెయిన్ బోర్డుకి కావాల్సిందేమో 5, 12 వోల్టుల నిలకడైన డీసీ. తెర వెనక దీపాలకి ఇంకొంచెం ఎక్కువ వోల్టులు కావాలి. డెల్టా రైతుకి చెప్పాలంటే సులువు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లన్నీ ఒక్క పోటున పొలం మీదికి వదిలితే మడి మిగులుతుందా? పెద్ద కాలవ, చిన్న కాలవ, బోదె... ఇలా తగ్గించుకుంటూ రావాలి. సప్లై బోర్డు చేసేది ఆ కాలవల పనే.

విప్పక ముందే సగం తెలుస్తుంది

మంచి వైద్యుడు కత్తి పట్టుకునే ముందు నాడి చూస్తాడు. టీవీకీ అంతే. స్క్రూడ్రైవర్ ముట్టకుండానే చూడాల్సినవి చాలా ఉన్నాయి.

మొదట సాకెట్. అదే సాకెట్‌లో సెల్‌ఫోన్ ఛార్జరో టేబుల్ ఫ్యానో పెట్టి చూడాలి. సాకెట్ వదులై టీవీ పోయిందనుకున్న ఇళ్లు కోకొల్లలు. తర్వాత తీగ. టీవీ నుంచి ఊడొచ్చే రకం తీగైతే, అలాంటిదే బాగున్నది ఒకటి పెట్టి చూస్తే అనుమానం తీరిపోతుంది. రిమోట్‌ని పక్కన పెట్టి టీవీకి ఉన్న బటనే నొక్కాలి. 

ఇవన్నీ బాగుండీ ఎర్ర లైటు అసలు వెలగకపోతే చాలాసార్లు కరెంటు సప్లై బోర్డులోనే ఎక్కడో ఆగిపోతోందని అనుమానించాలి. అన్నిటికన్నా సూటైన లక్షణం ఇదే.

ఎర్ర లైటు వెలుగుతోంది, ఎంత నొక్కినా టీవీ మాత్రం లేవడం లేదు... అంటే 5 వోల్టులు వస్తున్నాయన్నమాట. సప్లై బోర్డు కొంత పనిచేస్తోంది. మిగతా వోల్టులు రావట్లేదో, 'లే' అని మెయిన్ బోర్డు చెప్పట్లేదో మీటరు పెట్టి తేల్చాలి. ఇక్కడ తొందరపడి 'సప్లై పోయింది' అనేస్తే కొత్త బోర్డు కొన్నాక కూడా టీవీ అలాగే ఉంటుంది.

లైటు ఆరి వెలుగుతూ ఉంటే ఎన్నిసార్లు వెలుగుతోందో లెక్కపెట్టి రాసుకోవాలి. చాలా కంపెనీల టీవీల్లో ఆ లెక్కకు అర్థముంటుంది. మెకానిక్‌కి ఆ అంకె చెబితే అతని పని సగం తగ్గుతుంది.

మాట వినిపిస్తోంది, బొమ్మ లేదు... ఇలాంటప్పుడు గదిలో లైట్లార్పి, సెల్‌ఫోన్ టార్చి తెర మీద ఏటవాలుగా వేసి దగ్గరగా చూడాలి. నీడలా బొమ్మ కదులుతుంటే తెర బాగానే ఉంది. వెనక వెలుగునిచ్చే దీపాల పట్టీలో, లేదంటే వాటికి కరెంటిచ్చే భాగంలో తేడా ఉంది. ఆ భాగం ఎక్కువగా సప్లై బోర్డు మీదే ఉంటుంది. 'తెర పోయింది, కొత్త టీవీ కొనుక్కోండి' అనే మాట నమ్మే ముందు ఈ చిన్న పరీక్ష చేసి తీరాలి.

ఇక నాలుగైదు సార్లు స్విచ్ వేస్తే గానీ లేవని టీవీలు, చలికాలం పొద్దున్నే మొరాయించి కాస్త వేడెక్కాక పనిచేసే టీవీలు ఉంటాయి. వాటిలో కండెన్సర్లు ఎండిపోతున్నాయని అనుమానించాలి. కాలిన వాసనో 'టప్' మన్న శబ్దమో వస్తే మాత్రం పరీక్షలేమీ వద్దు. వెంటనే ప్లగ్గు తీసేయాలి.

రేపల్లె బండి

తెనాలి నుంచి రేపల్లెకు పట్టాలు సుమారు 34 కిలోమీటర్లు. 1916లో వేసిన లైను ఇది. రేపల్లెతో పట్టాలు ఆఖరు. ఆ తర్వాత కృష్ణమ్మే. అటువైపు వెళ్లాలంటే పెనుమూడి-పులిగడ్డ వారధి ఎక్కి అవనిగడ్డ వైపు దిగాలి. 

బండి వేమూరు దాటుతుంటే రెండు వైపులా వరిచేలు. చేల మధ్యలో కరెంటు స్తంభాలు. ఆ తర్వాత భట్టిప్రోలు. ఇక్కడి బౌద్ధస్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు ధాతువుల కరండాలు, వాటి మీద బ్రాహ్మీ రాతలు బయటపడ్డాయి. క్రీస్తుకు పూర్వపు ఆ అక్షరాల్లో తెలుగు లిపి మూలాలను వెతుకుతారు పండితులు. రెండువేల ఏళ్లు మట్టిలో ఉన్నా చెక్కుచెదరని రాయి అది. మన టీవీ బోర్డుకి మాత్రం ఒక్క పిడుగు చాలు!

'రాత్రి మీ వైపు ఉరుములొచ్చాయా అమ్మా?'... సప్లై బోర్డు చేతికి రాగానే మెకానిక్ అడిగే మాట ఇది. పిడుగు ఇంటి మీదే పడక్కర్లేదు. ఎక్కడో లైను దగ్గర పడినా తీగల వెంట ఎక్కువ వోల్టేజీ పరుగెత్తుకొస్తుంది. అది కరెంటు ప్లగ్గులోంచే వస్తుందని కూడా లేదు. కేబుల్ తీగలోంచి, డిష్ తీగలోంచి కూడా వస్తుంది. అందుకే ఉరుములప్పుడు స్విచ్ ఆపేయడం ఒక్కటే చాలదు. ప్లగ్గూ పీకాలి, కేబుల్ తీగా పీకాలి.

దీనికంటే చాటుగా దెబ్బకొట్టే శత్రువు ఇంకోటుంది. న్యూట్రల్ తెగడం. స్తంభాల మీద మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ తీగ ఉంటాయి. గాలివానకి న్యూట్రల్ తెగితే ఒక ఇంటికి తక్కువ, పక్కింటికి ఎక్కువ వోల్టేజీ పోతుంది. 230 ఉండాల్సిన చోట 400కు దగ్గరగా కూడా రావచ్చు. బల్బులు ఒక్కసారిగా తెల్లగా మెరిసి, ఫ్యాన్లు గిర్రున తిరిగితే ఆలోచించకుండా మెయిన్ ఆపేయాలి. వీధిలో నాలుగిళ్ల టీవీలు ఒకే రాత్రి పోయాయంటే కారణం చాలాసార్లు ఇదే.

టీవీ వెనక '100-240 వోల్టులు' అని రాసి ఉంటుంది. కరెంటు 150కి పడిపోయినా టీవీ నడిచేది అందుకే. తక్కువ వోల్టేజీని అది ఓర్చుకుంటుంది. ఎక్కువైతే మాత్రం ఓర్చుకోలేదు. అప్పుడు బోర్డు ముఖద్వారంలో చిన్న బిళ్లలా ఉండే వేరిస్టర్ అనే భాగం తనను తాను బలిచ్చుకుంటుంది. ఎక్కువ వోల్టేజీ రాగానే షార్టయి, ఫ్యూజు పేలేలా చేస్తుంది. చచ్చిపోతూ మిగతా బోర్డును కాపాడే కాపలాదారు! అదృష్టం బాగుంటే ఆ బిళ్ల, ఫ్యూజు మారిస్తే టీవీ లేచి కూర్చుంటుంది.

పల్లెల్లో ఇంకో అతిథి ఉంది. బల్లి. టీవీ వెనక వెచ్చగా ఉంటుంది, పురుగులు దొరుకుతాయి. గాలి కోసం పెట్టిన సందుల్లోంచి లోపలికి దూరుతుంది. రెండు కాళ్లు రెండు చోట్ల పెడితే అంతే... అదీ పోతుంది, బోర్డూ పోతుంది. చీమలు పెట్టే గూళ్లదీ అదే కథ.

ఆపై వరద. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు కృష్ణ ఒడ్డున లంక గ్రామాలు మునిగిపోయాయి. నీట తడిసిన టీవీని 'పనిచేస్తుందో లేదో చూద్దాం' అని స్విచ్ వేయడమే అసలు ప్రమాదం. తడిసినంత మాత్రాన పోని బోర్డు, తడిమీద కరెంటు తగలగానే పోతుంది. ఒండ్రు కడిగించి, బాగా ఆరబెట్టి, మెకానిక్ చూశాకే ప్లగ్గు పెట్టాలి.

మూత తీస్తే...

రేపల్లెలో బండి దిగి బజారులోకి నడిచినా, తెనాలి బోసు రోడ్డులో తిరిగినా, టీవీ మెకానిక్ పద్ధతి ఒకటే. కొత్తగా నేర్చుకునే కుర్రాడికి చెప్పే మొదటి పాఠం కూడా ఒకటే... 'ప్లగ్గు పీకినంత మాత్రాన కరెంటు పోయినట్టు కాదు'.

బోర్డు మీద అన్నిటికన్నా లావుగా, డబ్బాలా కనిపించేది మెయిన్ కండెన్సర్. 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చినప్పుడు దీని దగ్గర దాదాపు 325 వోల్టులు నిలుస్తాయి. కొన్ని పెద్ద టీవీల్లో ఇది 400కు దగ్గరగా ఉంటుంది. ప్లగ్గు తీశాక ఆ నిల్వ మెల్లగా దిగిపోయేలా ఏర్పాటుంటుంది. ఆ ఏర్పాటే పాడైతే? టీవీ చచ్చి ఉంటుంది, కండెన్సర్ మాత్రం కాటు వేయడానికి సిద్ధంగా ఉంటుంది. ప్రాణాలు తీసేంత కాటది. అందుకే తెలిసినవాళ్లు మీటరుతో కొలిచి, ఎక్కువ వాట్ల రెసిస్టరు ద్వారా దాన్ని ఖాళీ చేసి, మళ్లీ కొలిచి గానీ వేలు పెట్టరు. స్క్రూడ్రైవర్‌ని అడ్డంగా పెట్టి నిప్పురవ్వలు తెప్పించడం సినిమాల్లో బాగుంటుంది. బల్ల మీద పనికిరాదు.

కళ్లతో చూసి తెలుసుకోగలిగేవే చాలా ఉన్నాయి. మంచి కండెన్సర్ తల చదునుగా ఉంటుంది. పోయినదాని తల పూరీలా ఉబ్బుతుంది. కొన్నిటికి అడుగున జిగురులాంటి ద్రవం కారుతుంది. బోర్డు మీద నల్లగా మాడిన మచ్చలు, బీటలిచ్చిన సాల్డరింగు, పగిలిన బిళ్లలు కూడా కంటికి దొరికిపోతాయి. అయితే అన్ని కండెన్సర్లూ ఉబ్బి చెప్పవు. చూడటానికి కొత్తగా ఉండి, లోపల ఎండిపోయినవీ ఉంటాయి.

ఇక ఫ్యూజు. గాజు గొట్టంలోని తీగ మెల్లగా కరిగి తెగితే ఒక కథ. గొట్టమంతా నల్లగా మసిబారితే ఇంకో కథ. మసిపట్టిందంటే లోపల గట్టి షార్టు ఉందని అర్థం. ఫ్యూజు మార్చినా మళ్లీ పేలుతుంది. ఇక్కడే మన ఇళ్లలో పాత అలవాటు ఒకటి ముందుకొస్తుంది. ఫ్యూజు స్థానంలో రాగితీగ చుట్టేయడం. అలా చేస్తే పేలాల్సిన ఫ్యూజు పేలదు, బోర్డు మండుతుంది. ఫ్యూజు రోగం కాదు, రోగం చెప్పే నాడి. దాని నోరు నొక్కితే ఇల్లు అంటుకోవచ్చు.

షార్టు ఉందో లేదో తేల్చడానికి మెకానిక్ దగ్గర ఓ పాతకాలపు ఆయుధం ఉంటుంది. సీరీస్ బల్బు. కరెంటు టీవీకి నేరుగా వెళ్లకుండా 60 లేక 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బు మీదుగా వెళ్తుంది. లోపల షార్టుంటే బల్బు నిండుగా వెలుగుతుంది. బోర్డు మాత్రం మాడదు. షార్టు లేకపోతే బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తుంది. 2015లో ఉజాలా పథకం వచ్చాక ఎల్‌ఈడీ బల్బులు ఇంటింటికీ చేరి, ఫిలమెంటు బల్బు మూలకు పోయింది. మెకానిక్ మాత్రం దాన్ని భద్రంగా దాచుకుంటాడు. ఈ పనికి ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు మరి!

ఆ తర్వాత మీటరుతో వరస ప్రయాణం. రైలు ఎక్కడ ఆగిపోయిందో స్టేషన్ స్టేషన్‌కీ ఫోన్ చేసి కనుక్కోవడం లాంటిదే ఇది. ఫ్యూజు బాగుందా? బాగుంటే మెయిన్ కండెన్సర్ దగ్గర 300 పైచిలుకు వోల్టులున్నాయా? లేకపోతే ఏసీని డీసీ చేసే బ్రిడ్జి దగ్గరో, దారిలోని సాల్డరింగులోనో తెగింది. 300 ఉండి 5 వోల్టులు లేకపోతే మధ్యలో స్విచింగ్ చేసే ఐసీనో, అవతలి డయోడ్లనో అనుమానించాలి. 5 ఉండి 12 రాకపోతే మెయిన్ బోర్డు నుంచి 'ఆన్' సంకేతం వస్తోందా అని చూడాలి. సంకేతం వస్తున్నా 12 రాకపోతే తప్పు సప్లైది. సంకేతమే రాకపోతే తప్పు మెయిన్ బోర్డుది. అక్కడితో పంచాయితీ తీరిపోతుంది.

ఈ ప్రయాణంలో ఓ సరిహద్దు గీత కూడా ఉంది. చాలా బోర్డుల మీద అది గీసే ఉంటుంది. గీతకి ఇటువైపు నేరుగా గోడ కరెంటుతో సంబంధమున్న 'హాట్' భాగం. అటువైపు ట్రాన్స్‌ఫార్మర్ అవతల 'కోల్డ్' భాగం. రెండిటికీ నేల వేరు. మీటరు నల్లతీగను అటు నేల మీద పెట్టి ఇటు వోల్టులు కొలిస్తే అంకెలన్నీ తప్పులే. హాట్ భాగాన్ని కరెంటు ఉండగా కొలవడం ఇంట్లో చేసే పని కాదు. మీటరు పట్టిన చేయికి తర్ఫీదు ఉండాలి.

సముద్రం పక్కన

రేపల్లె నుంచి బాపట్లకు 216వ నంబరు జాతీయ రహదారి ఉంది. రైల్లో అయితే తెనాలికి తిరిగొచ్చి చెన్నై లైను ఎక్కాలి. చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల దాటితే బాపట్ల. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాకి కేంద్రమైంది. రేపల్లె అందులో చేరింది. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది.

భావనారాయణస్వామి గుడి, 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిన చరిత్ర, 1945లో పెట్టిన వ్యవసాయ కళాశాల... బాపట్లకు గొప్పలు చాలా ఉన్నాయి. మనం తినే సాంబ మసూరి బియ్యం ఇక్కడ పుట్టిందే. 1986లో విడుదలైన ఆ వంగడం అసలు పేరు బీపీటీ 5204. బీపీటీ అంటే బాపట్లే!

ఊరికి 9 కిలోమీటర్ల దూరంలో సూర్యలంక తీరం. సెలవులకి వచ్చేవాళ్లకి ఆ గాలి హాయి. అక్కడే కాపురముండే టీవీకి మాత్రం కాదు. సముద్రపు గాలిలో సన్నటి ఉప్పు ఉంటుంది. బోర్డు మీద దుమ్ముకి అది తోడవుతుంది. ఉప్పుకి తేమను పీల్చే గుణముంది. పొడి దుమ్ములోంచి కరెంటు పారదు, తడిసిన ఉప్పులోంచి పారుతుంది. సాల్డరింగుకి తుప్పు, కనెక్టర్లకి పచ్చటి చిలుము పడతాయి. వానాకాలంలో మొరాయించి వేసవిలో పనిచేసే టీవీ గుట్టు చాలాసార్లు ఇదే. తీరం ఊళ్లలో టీవీని కిటికీకి ఎదురుగా పెట్టకపోవడం, ఏడాదికోసారి లోపల దుమ్ము తీయించడం చవకైన మందులు.

ఉప్పు ఒకవైపైతే వేడి ఇంకోవైపు. కండెన్సర్ ఒంటి మీద '105 డిగ్రీలు' అని ఉంటుంది. ఆ వేడిలో 2000 గంటలు బతికేది అనుకుందాం. వేడి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఆయుష్షు రెట్టింపవుతుందన్నది ఇంజినీర్ల మోటు లెక్క. లోపల 75 డిగ్రీలుంటే 16 వేల గంటలు. రోజుకి ఆరు గంటలు టీవీ చూసే ఇంట్లో అది ఏడేళ్ల పైమాట. 85 డిగ్రీలకి చేరితే మూడున్నరేళ్లే! గోడకి అంటించినట్టు బిగించి, చుట్టూ షోకేసు చెక్కలు కట్టి, గాలి ఆడకుండా చేస్తే మనమే దాని వయసు సగం చేసినట్టు.

వెలగాల్సిన రోజు

'ఇంతా చేస్తే టీవీయే కదా' అనిపించవచ్చు. కానీ ఈ తీరంలో టీవీ సీరియళ్ల పెట్టె మాత్రమే కాదు. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977 అక్టోబరు 23న. సరిగ్గా 27 రోజులకి, నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వచ్చింది. ఆ ప్రసారాలు ఈ తీరానికి అందేవి కావు. రేపల్లె, బాపట్ల ప్రాంతాలు కూడా అల్లకల్లోలమైన ఆ రాత్రి సుమారు పదివేల మంది ప్రాణాలు పోయాయి. సముద్రం ఇంటి మీదికి వస్తోందని చాలామందికి తెలిసింది నీళ్లొచ్చాకే.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అది ఎక్కడుందో, ఎటు కదులుతోందో రెండ్రోజుల ముందు నుంచీ గంటగంటకీ ఇళ్లలో టీవీలు చెబుతూనే ఉన్నాయి. సెల్‌ఫోన్లున్నా, తెలుగులో మ్యాపు చూపించి చెప్పే పెద్ద తెర ముందే ఇల్లంతా కూర్చుంటుంది. అందులోనూ చదువురాని మామ్మకీ తాతయ్యకీ అదే దిక్కు. తుపానుల కాలానికి ముందే, అక్టోబరు లోపే, మొరాయిస్తున్న టీవీని చూపించుకోవాలనడం అందుకే.

బాగు చేయించాలా... పారేయాలా?

మెకానిక్ రోగం చెప్పాక ఇంటిల్లిపాదీ తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. ఫ్యూజు, వేరిస్టర్, కండెన్సర్లు పోతే ఖర్చు చిన్నది. బాగు చేయించడమే మేలు. బోర్డంతా మాడిపోతే అదే నంబరున్న బోర్డు దొరుకుతుందా అన్నది ముఖ్యం. బోర్డు మీద అచ్చువేసిన నంబరు, టీవీ మోడల్ నంబరు రెండూ ఫొటో తీసుకోవాలి. 'ఏ టీవీకైనా సరిపోయే' యూనివర్సల్ బోర్డులూ దొరుకుతాయి. కానీ వెనక దీపాలకి ఎన్ని వోల్టులు, ఎంత కరెంటు కావాలో సరిచూడకుండా పెడితే ఈసారి దీపాలు పోతాయి. తెర పగిలినా, తెర లోపలే చెడినా మాత్రం ఖర్చు కొత్త టీవీకి దగ్గరవుతుంది. అప్పుడు ఆలోచించుకోవాల్సిందే.

కండెన్సర్ మార్చేటప్పుడు మైక్రోఫారడ్లు పాతదానికి సమానంగా ఉండాలి. వోల్టులు సమానం లేదా ఎక్కువ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. 105 డిగ్రీల రకమే వేయాలి. మైనస్ గీత తిరగబడితే పేలుతుంది. 'ఏ రకం వేస్తున్నావు బాబూ' అని అడిగితే మంచి మెకానిక్ విసుక్కోడు. పీకిన పాత భాగాలు చూపించమన్నా చూపిస్తాడు.

బాగు చేయించుకోవడం హక్కు అనే మాట ఇప్పుడు ప్రపంచమంతా వినిపిస్తోంది. ఐరోపా సమాఖ్యలో 2021 మార్చి నుంచి టీవీల లోపలి పవర్ సప్లైని, ఆ మోడల్ అమ్మకం ఆగాక కూడా ఏడేళ్ల పాటు మెకానిక్‌లకి దొరికేలా చూడాలన్న నిబంధన ఉంది. మన దేశంలో 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్ మొదలుపెట్టింది. పారేయక తప్పని టీవీలకీ 2023 ఏప్రిల్ నుంచి కొత్త ఈ-వ్యర్థాల నియమాలు అమల్లోకి వచ్చాయి. పాత పిక్చర్ ట్యూబు గాజులో సీసం ఉంటుంది. కాలవ గట్టున పగలగొట్టి రాగి కోసం తీగలు కాలిస్తే ఆ విషం చేరేది మన మడిలోకే.

తెనాలిలో ఆటో వెనక సీట్లో, రేపల్లె బండిలో తలుపు పక్కన, బాపట్ల స్టేషన్ మెట్ల మీద... దుప్పట్లో చుట్టిన టీవీని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని వెళ్లే మనుషులు కనిపిస్తుంటారు. ఆ దుప్పటి లోపల ఉన్నది చాలాసార్లు చచ్చిన టీవీ కాదు, ఊపిరాడని టీవీ. బతికించేది పది రూపాయల వస్తువో పెద్ద బోర్డో తేల్చడానికి కావాల్సింది ఒక మంచి మెకానిక్... ఆయన అడిగిన మొదటి ప్రశ్నకి సరైన జవాబు చెప్పగల ఇల్లు.

ఇవి మరవొద్దు!

* టీవీ ఆగిన క్షణం ఏం జరిగిందో రాసుకోవాలి. ఉరుములా, కరెంటు హెచ్చుతగ్గులా, వాసనా, శబ్దమా?

* మూత విప్పి చూడాలనుకుంటే ప్లగ్గుతో పాటు కేబుల్, డిష్ తీగలన్నీ పీకాలి. చూడ్డానికే పరిమితం కావాలి. లావు కండెన్సర్ కాళ్లను, అది ఉన్న వైపు బోర్డు అడుగును ముట్టుకోకూడదు.

* పాత పిక్చర్ ట్యూబు టీవీ మూత ఇంట్లో అసలు విప్పొద్దు. ట్యూబు దగ్గర పాతికవేల వోల్టుల దాకా ఉంటాయి.

* ఫ్యూజు బదులు తీగ, వెండికాగితం వద్దేవద్దు. అదే ఆంపియర్ల ఫ్యూజే వేయాలి.

* గ్యారంటీ గడువు ఉంటే మూత తీయకూడదు. ముందు కంపెనీ సర్వీసుకి చెప్పాలి.

* తడి చేతులతో, తడి నేల మీద నిలబడి టీవీ తీగలు ముట్టుకోవద్దు. పిల్లల్ని దూరంగా ఉంచాలి.